ఎడమ పక్క ముందు చక్రం

మా అన్న ఆదివారం చిత్తూరు నుంచి వచ్చినప్పుడు ముందు అమ్మను పలకరించేవాడు కాదు, నాయననూ పలకరించేవాడు కాదు. నా సంగతి సరేసరి. గేటు తీసుకుని లోపలికొచ్చి, చేతిలో సంచీ కూడా దించకుండా కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవాడు. సంతలో ఎద్దును బేరమాడేవాడు పళ్ళు చూసి, గిట్టలు చూసి, తోకెత్తి చూసినట్టు చూసేవాడు. ఆ ప్రదక్షిణం అయ్యేదాకా మా నాయన వసారాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. చదివేది ఏమీ లేదు, పేజీ తిప్పడం కూడా మరిచిపోయేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తరోజులు. కారు మా అన్నది. చెన్నైలో ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్మేసిన తెల్లకారు. చిత్తూరులో అన్న అద్దెకున్న ఇల్లు సందులో సందు, అక్కడ సైకిలు నిలపాలన్నా పక్కింటివాళ్ళతో తగువే. అందుకని కారు తిరుపతిలో మా ఇంటి ముందే ఉండేది. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేస్తూ అమ్మానాయనలతోనే ఉండేదాన్ని. మా అన్నకు కారు కంటే ఆ కారుకున్న అల్లాయ్ చక్రాలంటే ప్రాణం. మామూలు కార్లకు నల్లటి ఇనప చక్రం, దాని మీద ఒక ప్లాస్టిక్ మూత ఉంటాయి కదా. వీటికి అట్లా కాదు, పువ్వు రేకుల్లా విచ్చుకున్న వెండిరంగు చక్రాలు. ఇంటికొచ్చిన చుట్టాలకు మా అన్న ఇంజను సంగతి ఎత్తేవాడే కాదు, వంగి చక్రాలు చూపించేవాడు.

ఇక మా నాయన. ఉద్యోగమంతా ప్రభుత్వ బస్సు డ్రైవరు. చిత్తూరు, పాకాల, తిరుపతి రోడ్డులో ఆయనకు తెలియని గుంత లేదు. ఒక్క మనిషికి దెబ్బ తగలకుండా, బస్సుకు ఒక్క సొట్ట పడకుండా రిటైరయ్యానని ఆయన గర్వం. ఆ మాట ఆయన మొదలుపెట్టగానే మిగతాది అమ్మ పూర్తి చేసేది, అంతగా విన్నాం. రిటైరయ్యాక చేతికి స్టీరింగు లేకుండా పోయేసరికి మనిషి దిక్కు తోచక తిరిగాడు. సాయంత్రం బస్టాండు దాకా నడిచిపోయి, వచ్చే బస్సులూ పోయే బస్సులూ చూసుకుని తిరిగొచ్చేవాడు. కారు మా గేటు ముందు ఆగిన రోజు ఆయన మొహం చూడాలి. చింత చచ్చినా పులుపు చావలేదని అమ్మ ఎగతాళి చేసింది గానీ, తయారై అందరికంటే ముందు సీట్లో కూర్చున్నదీ ఆమే.

అట్లాంటి మనిషి ఏడాది తిరక్కుండానే కారు ఎడమ పక్క చక్రాలను గీకిపెట్టాడు. తలుపులకు ఏమీ కాలేదు, బంపర్లకు ఏమీ కాలేదు, కుడి పక్క చక్రాలు నిక్షేపంగా ఉన్నాయి. ఎడమ వాటికి మాత్రం అంచుల్లో పిల్లి గోళ్ళు పెట్టి రక్కినట్టు గీతలు. ఎప్పుడు చూసినా ఫుట్‌పాత్ రాళ్ళకే తగులుతుంది. మా అన్న మొదట సణిగాడు, తర్వాత గొణిగాడు, ఒక ఆదివారం తెగేసి చెప్పాడు. ఇంకొక్క గీత పడితే తాళంచెవి తన జేబులో వేసుకుని చిత్తూరుకు తీసుకుపోతాడట. అమ్మకు ఎక్కడికైనా పోవాల్సొస్తే ఒక డ్రైవరును మాట్లాడి పెడతాడట. బస్సు డ్రైవరు ఇంట్లో కారుకు ఇంకో డ్రైవరు! మా నాయన ఆ రోజు రాగిసంగటి ముద్ద సగం తిని లేచేశాడు.

ఆ వారం గురువారమే పడింది కొత్త గీత. ఎడమ పక్క ముందు చక్రానికి, అంచు వెంబడి జానెడు పొడుగున. రంగు లేచిపోయి లోపలి లోహం తెల్లగా నవ్వుతోంది. చెట్లకు నీళ్ళు పోస్తూ నేనే చూశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బకెట్ అక్కడే పడేసి నాయన మీద ఇంతెత్తున లేచాను. ఆదివారం అన్న వస్తాడు, తాళంచెవి పోతుంది, ఇంక బస్టాండుకు పోయి బస్సులు లెక్కపెట్టుకుంటూ కూర్చో అన్నాను. లోపల్నుంచి అమ్మ అందుకుంది. "ఆయనకు కండ్లు కనపడవని నేను ఎప్పట్నుంచో సెప్తా ఉండా. ఎవురింటారు నా మాట" అంది. నాయన చక్రం ముందు గొంతుక్కూర్చుని ఆ గీత మీద బొటనవేలు పెట్టి రుద్దుతూ ఉండిపోయాడు, అదేదో వేలితో పోయేదైనట్టు.

మెకానిక్ దగ్గరికి పోదామంటే ససేమిరా అన్నాడు. తిరుపతిలో షెడ్డు షెడ్డుకూ ఆయన్ను ఎరిగినవాళ్ళే. ఒక్కడికి తెలిస్తే సాయంత్రానికి బస్టాండులో టముకు వేసినట్టే. సరే, ఏం చేసినా ఇంట్లోనే చేయాలి. నేను స్కూటీ వేసుకుని పెయింట్ల అంగడికి పోయాను. అంగడాయన పద్ధతి అంతా చెప్పి సామాను ఇచ్చాడు. ముందు గీతల్ని ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాలి. లోతుగా తగిలిన చోట పట్టీ అనే మెత్తటి ముద్దను పూడ్చి, అది గట్టిపడ్డాక మళ్ళీ రుద్దాలి. ఆపైన వెండిరంగు డబ్బాతో స్ప్రే చేయాలి. టైరుకు రంగు పడకుండా టైరుకూ చక్రానికీ సందులో అట్టముక్కలు దోపుకోమన్నాడు. వినడానికి దోసెలు పోసినంత సులువుగా ఉంది.

నాయన జాకీ వేసి చక్రం ఊడదీశాడు, దాని స్థానంలో స్టెప్నీ బిగించాడు. ఆ పనిలో ఆయన చేతులు చూస్తే ముచ్చటేసింది, ఒక్క నట్టు కూడా కింద పెట్టడు, అన్నీ తిరగేసిన తన పాత టోపీలోనే. ఉప్పు కాగితం నీళ్ళలో ముంచి ఇద్దరం చెరొక పక్క నుంచి రుద్దడం మొదలుపెట్టాం. చేతులు నొప్పి పుట్టేకొద్దీ నాకు కోపం పెరిగింది. అన్నేళ్ళు బస్సు తోలినవాడివి, ఒక అడుగు ఎడంగా ఆపితే నీ సొమ్మేం పోయింది, ఎందుకట్లా పోయి పోయి గట్టుకే ఆనిస్తావని అడిగాను. అడగడమేంటి, దులిపాను.

ఆయన కాగితం నీళ్ళలో జాడించి, వంటింటి వైపు ఒకసారి చూసి, మెల్లగా అన్నాడు.

"అడుగు ఎడం పెడితే మీ అమ్మ యాడ దిగుతాది పాపా?"

నా చెయ్యి ఆగిపోయింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. బస్సు మెట్టు ఎక్కలేదు, ఆటోలో కుదుపుకు ఓర్చుకోలేదు. వారం వారం మోకాళ్ళకు కరెంటు పెట్టించుకోవడానికి డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ డాక్టరు మెట్ల ముందు ఫుట్‌పాత్ చాలా ఎత్తు, దాన్ని ఆనుకుని మురుక్కాలవ, దాని మీది బండలు సగం విరిగిపోయాయి. కారు దూరంగా ఆపితే ఆమె ఆ విరిగిన బండల మీద కాలు దించి, మళ్ళీ అంతెత్తు గట్టు ఎక్కాలి. గట్టుకు ఆనించి ఆపితే సీట్లోంచి నేరుగా గట్టు మీదికే అడుగు. నాయనకు బస్టాండులో అలవాటైన పనే అది. ముసలివాళ్ళు దిగాలంటే బస్సును ప్లాట్‌ఫారానికి ఆనించేవాడట. టైరు రాయికి ఒరుసుకున్న సంగతి స్టీరింగు పట్టిన చేతికి తెలుస్తుంది, అక్కడ ఆపాలి. బస్సుకు ఏమీ కాదు, టైరు లావు, చక్రం లోపలికి ఉంటుంది. ఈ సోకుల చక్రానికి అంచు టైరు కంటే బయటికి పొడుచుకుని వచ్చింది. టైరు తగిలిందని చేతికి తెలిసే లోపలే అంచు గీసుకుపోతోంది.

ఈ ముక్క అన్నకు చెప్తే సరిపోయేది కదా అన్నాను.

"వానికి సెప్తే మీ అమ్మకు తెలుస్తాది. తెలిస్తే ఇంక ఆమె కారెక్కుతాదా? కొడుకు కారు నా వల్ల పాడైపోతా ఉందని ఇంట్లోనే కూసుంటాది. కాళ్ళు బిగుసుకుపోతాయి. నాకు కండ్లు కనపడవనే అనుకోనీ. నువ్వు మాత్రం నోరు జారొద్దు."

జారనని మాటిచ్చాను. నా నోటికి అంత పెద్ద శిక్ష అంతకు ముందు ఎవరూ వేయలేదు. ఆ తర్వాత మాత్రం ఒళ్ళు దాచుకోకుండా రుద్దాను.

పట్టీ పెట్టడం, ఆరనివ్వడం, మళ్ళీ రుద్దడం శుక్రవారానికి అయ్యాయి. సందుల్లో దోపడానికి అట్టముక్కలు కావాలి. మన ఇళ్ళల్లో అట్టలకేం కరువు, బీరువా మీద పెళ్ళిపత్రికలు గుట్ట ఉంటాయి. మంచి దళసరి అట్ట, సందులోకి చక్కగా దూరింది. చక్రం చుట్టూ పత్రికలు దోపి చూస్తే పెళ్ళికి ముస్తాబు చేసినట్టే ఉంది. నాయన డబ్బా ఊపి స్ప్రే కొట్టాడు. చూస్తుండగానే వెండిరంగు పరుచుకుంది. ఇద్దరం మురిసిపోయాం.

కాసేపటికి పోయి చూస్తే అంచు వెంబడి పసుప్పచ్చ మరకలు. నాకు అర్థం కాలేదు. పత్రిక ఒకటి లాగి చూశాక తెలిసింది. పెళ్ళిపత్రిక అన్నాక నాలుగు మూలలా పసుపు పూయకుండా ఎవరైనా ఇస్తారా? ఆ రంగులో ఉండే థిన్నరుకు మూలల్లోని పసుపంతా కరిగి చక్రానికి ఎక్కింది. నేను ఊరుకోలేక సబ్బునీళ్ళు పెట్టి రుద్దాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. సబ్బు తగలగానే పసుపు ఎర్రబారింది. ఇప్పుడు అన్న ముద్దుల చక్రానికి పసుపూ కుంకుమా రెండూ ఉన్నాయి, హారతి ఒక్కటే తక్కువ. నాయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే అమ్మ గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది, ఆదివారం పెళ్ళికి పోవాల్సిన పత్రిక ఎక్కడ పెట్టారని వెతుక్కుంటూ. వడమాలపేటలో ఉండే మా చిన్నమ్మ వరస వాళ్ళింటి పెళ్ళి, మండపం తిరుపతిలోనే. ఆ పత్రిక వెండిరంగు పూసుకుని చక్రంలో దిగబడి ఉంది. అమ్మ పత్రికను చూసింది, చక్రాన్ని చూసింది, మా ఇద్దరి మొహాలు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పి మనిషి, నిలబడి నవ్వలేక కుర్చీ తెప్పించుకుని కూర్చుని నవ్వింది. గుడ్డకు పసుపంటితే ఏం చేస్తారు, ఎండలో వేయరా, దీనికీ అంతే అంది.

చక్రాన్ని మిద్దె మీదికి దొర్లించి మోసుకుపోవడం మా ఇద్దరి వల్లా అయింది గానీ, ఎట్లా అయిందో అడగొద్దు. మిద్దె మీద చల్లమిరపకాయలు ఆరబోసిన చాప పక్కన దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాం. తిరుపతి ఎండాకాలం ఎండ సంగతి తెలిసిందే కదా. శనివారం మధ్యాహ్నానికి మరక చాలా వరకు విరిగిపోయింది. మిగిలిన కొంచెం మీద నాయన ఇంకొక పూత కొట్టాడు, ఈసారి పాత క్యాలెండరు అట్టలు దోపి.

చక్రం బాగుపడింది. అంత బాగుపడటమే తంటా అయింది. బిగించి చూస్తే మిగతా మూడు చక్రాల పక్కన అదొక్కటే కొత్త గిన్నెలా మెరుస్తోంది. నాయన ఆలోచించి, చెట్టు మొదట్లోంచి పిడికెడు ఎర్రమట్టి తీసుకుని, విభూతి చల్లినట్టు దాని మీద చల్లాడు.

ఆదివారం అన్న వచ్చాడు. ప్రదక్షిణం మొదలైంది. నాయన పేపరు ఎత్తుకున్నాడు. అన్న ఎడమ చక్రం దగ్గర ఆగాడు, వంగాడు, గోటితో గీరి చూశాడు, వాసన కూడా చూశాడు. ఇదేంటి కొత్తగా ఉంది అన్నాడు. కడిగినామని నేను చెప్పాను. మరి మట్టెందుకుంది అన్నాడు. నేను బకెట్ ఎత్తుకుని చెట్ల వైపు పోయాను. అన్నకు ఏదో అనుమానం తగిలింది గానీ కొత్త గీత లేనప్పుడు, పాతవి కూడా మాయమైనప్పుడు ఏమనగలడు? ఇవాళ పెళ్ళికి కారు నేనే తోలతానని తాళంచెవి తీసుకున్నాడు. ఎట్లా ఆపాలో నాయనకు కూడా చూపిస్తాడట. నాయన లేచి పోయి వెనక సీట్లో కూర్చున్నాడు. ఆ కారులో ఆయన వెనక కూర్చోవడం అదే మొదటిసారి.

పెళ్ళి మండపం ముందూ అదే వరస. ఎత్తు గట్టు, పక్కన కాలవ. మా అన్న ఇంచక్కా అడుగున్నర ఎడంగా ఆపి, ఇట్లా ఆపాలి అన్నట్టు అద్దంలోంచి నాయన వైపు చూశాడు. ముందు సీట్లో అమ్మ తలుపు తీసింది. పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని కిందికి చూసింది. కాలు చాపింది, వెనక్కి తీసుకుంది. మండపం గుమ్మంలో పన్నీరు చల్లేవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు.

"ఇంకొంచెం దగ్గిరికి తీసుకో నాయనా. మీ నాయనైతే అరుగు మీదికి దించినట్టు దించుతాడు" అంది అమ్మ.

అన్న వెనక్కి తీసి మళ్ళీ ఆపాడు. ఇంకా జానెడు ఎడం. అమ్మ కాలు చాపి చూసి, ఊహూఁ అంది. అన్నకు చెమటలు పడుతున్నాయి. మళ్ళీ తీశాడు. వెనక సీట్లో నాయన చేతులు ఉన్న చోట ఉండటం లేదు, తనకు తెలియకుండానే స్టీరింగు తిప్పుతున్నాయి. మూడోసారి కారు గట్టు దగ్గరికి మెల్లగా పోయింది, ఇంకా పోయింది. గర్రుమని శబ్దం వచ్చింది.

అమ్మ తలుపు తెరుచుకుని, రెండు కాళ్ళూ హాయిగా గట్టు మీద పెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. ఏం శబ్దం అది అని వెనక్కి తిరిగి అడిగింది. నా నోరు దురద పెట్టేసింది, మాటిచ్చాను కాబట్టి పెదవి కొరుక్కున్నాను.

అన్న దిగి వచ్చాడు. వంగి చక్రం చూశాడు. మేము అంత కష్టపడి నున్నగా చేసిన చోటే, సరిగ్గా అక్కడే, జానెడు గీత. తలెత్తి గట్టు మీద అమ్మ పాదాలను చూశాడు. ఆ తర్వాత నాయనను చూశాడు. అమ్మ కూడా ఆ చూపు వెంటే పోయి చక్రాన్ని చూసింది. వారమంతా కళ్ళు కనపడవని మొత్తుకున్న మనిషి అట్లాగే నిలబడిపోయింది.

"పోయినప్పుడల్లా ఇట్లనేనా?" అని నాయనను అడిగింది.

"టైరు తగిలేదాకా రావాల గదా" అన్నాడు నాయన, తప్పు చేసి దొరికినవాడిలా నేల చూస్తూ.

మా అన్న తాళంచెవి తెచ్చి నాయన చొక్కా జేబులో వేసి, పైనుంచి చేత్తో అదిమాడు. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో నా పక్కన కూర్చున్నది అన్నే. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, రెంటినీ దాచుకోవడానికి కిటికీలోంచి బయటికి చూశాను.

నాయన భయపడినంతా అయింది. కరెంటు పెట్టించుకునే రోజు వస్తే అమ్మ తయారు కాలేదు. నా కాళ్ళు ఎట్ల పోతే అట్ల పోనీ, పిల్లోడు ఆశపడి కొనుక్కున్న కారు పాడు చేయను అంది. నాయన తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎంత చెప్పినా ఆమె కదల్లేదు. తాళంచెవి చేతికొచ్చీ లాభం లేకపోయింది.

తర్వాతి ఆదివారం అన్న సంచీలోంచి రెండు స్ప్రే డబ్బాలూ ఒక కట్ట ఉప్పు కాగితాలూ తీసి అమ్మ ఒడిలో పెట్టాడు. గీతలు పడితే పడనీ, రుద్దుకుందాం అన్నాడు. ఆ రోజు వాడు కారు చుట్టూ తిరగలేదు. అమ్మ ఆ కాగితాలను చాలాసేపు చేత్తో తడిమి చూసింది. తర్వాత ఒక షరతు పెట్టింది. రుద్దేది తానైతేనే కారెక్కుతుందట.

ఆమె మోకాలు వంగదు కాబట్టి, ఆమె కుర్చీలో, చక్రం ఆమె ముందు ఎత్తుపీట మీద. ముందు చక్రం అయ్యాక, ఎప్పటి నుంచో గీతలతో పడి ఉన్న వెనక చక్రం కూడా తెప్పించుకుంది. నాయన చెంబుతో నీళ్ళు పోస్తుంటే దోసెపెనం తోమినట్టు గుండ్రంగా రుద్దేది. ఒక్కొక్క గీత మీద వేలు పెట్టి ఇది యాడిది అని అడిగేది. ఇది డాక్టరు ముందర, ఇది చీరలంగడి కాడ, ఇది నువ్వు మీ అక్కను చూడాలన్నావే ఆ రోజుది అని ఆయన చెప్తుంటే, ఒక్కొక్కటీ తలూపుతూ చెరిపేసింది. చివరికి ఒక లోతు గీత దగ్గర చెయ్యి ఆపింది. అది తిరుచానూరు గుడి దగ్గరిదని నాయన చెప్పాడు, కాగితం మళ్ళీ తడిపి ఇచ్చాడు.

అమ్మ కాగితం పక్కన పెట్టేసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"దాన్నిప్పుడెందుకు రుద్దేది? శుక్రవారం మళ్ళా ఆడికే గదా పొయ్యేది" అంది.